నల్లబట్టల లిఫ్టర్

మీరు చివరిసారి ఒక మనిషి మాట విని పక్కకు జరిగింది ఎప్పుడు? ఆ మాటలో న్యాయం ఉందని జరిగారా, చెప్పినవాడి ఒంటిమీది బట్ట చూసి జరిగారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్న నేను చాలా సభల్లో అడిగాను. బస్సులో తెల్లచొక్కాకు సీటు ఇచ్చినవాళ్లూ, ఖాకీ కనబడగానే గొంతు తగ్గించినవాళ్లూ, కాషాయం ఎదురైతే చెప్పులు విడిచినవాళ్లూ అందరూ ఒకే జవాబు చెబుతారు: "మేం న్యాయమే చూస్తం సార్." నిరుటి చలికాలం దాకా అది నాకు వేదిక మీద అడిగే ప్రశ్న మాత్రమే. ఆ చలికాలం మా అబ్బాయి దాన్ని ఇంటికి తెచ్చాడు.

మా ఊరు కేసముద్రం మార్కెట్ యార్డుకు పత్తి ట్రాక్టర్లు పోయే దారిలో ఉంటుంది. నేను పక్క ఊళ్లో బడిపంతులును. జనగామలో చదువుకునే రోజుల్లో యువకుల సభల్లో వాదించడం నేర్చుకున్నాను. దేవుడు లేడనీ, కులం అబద్ధమనీ, తాయెత్తు కట్టించుకున్నవాడి జ్వరం కూడా మందుతోనే తగ్గుతుందనీ గొంతు బొంగురుపోయేదాకా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అదే పని కాగితం మీద చేస్తున్నాను. నా భార్య భూపాలపల్లి దవాఖానలో నర్సు. శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం మొదటి బస్సుకు పోతుంది. మిగతా రోజులు ఇంట్లో నేనూ, మా అమ్మా, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోతుంది. నా భార్య పుట్టింటివాళ్లు దారిలో కనిపించిన ప్రతి గుడి ముందూ ఆగుతారు. నేను ఎక్కడా ఆగను. మా వాడికి వాలీబాల్ ఒక్కటే నమ్మకం.

ఆ ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. అవతలివాళ్లు కొట్టిన బంతిని మనవాడొకడు చేతుల మీద ఆపుతాడు. రెండోవాడు దాన్ని వేళ్లతో మెత్తగా నెట్ పైకి లేపుతాడు. మూడోవాడు ఎగిరి కొడతాడు. చప్పట్లన్నీ కొట్టినవాడికే. కానీ బంతి ఎవరికి పోవాలి, ఎంత ఎత్తున పోవాలి అనేది రెండోవాడి చేతుల్లో ఉంటుంది. వాణ్ణి లిఫ్టర్ అంటారు. కొట్టేవాణ్ణి షూటర్ అంటారు. ఊళ్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా షూటర్ అవుతానంటాడు. మా వాడు మాత్రం బడి జట్టులో లిఫ్టర్ కావాలని కూర్చున్నాడు.

"ఎందుకురా?" అని అడిగాను ఒకసారి.

"కొట్టుడు అందరికి వస్తది బాపు. ఎవనికియ్యాల్నో ఆలోచన జేసుడు ఒక్కనికే ఉంటది."

ఆ మాటకు లోపల పొంగిపోయాను. పైకి మాత్రం "హోంవర్కు చెయ్" అన్నాను.

వాడు పొట్టి. తరగతిలో అందరికంటే పొట్టి. లిఫ్టర్‌కు ఎత్తు అంతగా అక్కర్లేదు, వేళ్లు గట్టిగా ఉంటే చాలని ఎవరో చెప్పారట. వేళ్లకు బలం రావాలని మంచం మీద వెల్లకిలా పడుకొని బంతిని పైకప్పుకు తగలకుండా ఎగరేసేవాడు. పొద్దస్తమానం అదే పని. తప్పిపోయిన బంతి ఒకటి వచ్చి కూరగిన్నెలో పడ్డాక మా అమ్మ వాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"బలం ఊకెనె వస్తదా? రా, జొన్నరొట్టె కొట్టు. వేళ్లకు తెలుస్తది."

మొదటి రోజు వాడి రొట్టె చూసి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "గిదేందిరా, రొట్టెనా, దేశం పటమా?"

"తినేటిదే గద నాయినమ్మా, పటమైతే ఏంది?"

"తినేటోళ్లకు తెలవాలె గద, యాడికెళ్లి కొరకాల్నో."

పది రోజులు గడిచేసరికి అంచులు చిట్లకుండా కొట్టడం వచ్చింది వాడికి. రొట్టెను రెండు చేతుల మీదికి తీసుకొని పెనం మీద వదిలేటప్పుడు వాడి వేళ్లు విచ్చుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. పిండి అంటిన ఆ చిన్న చేతులను చూస్తూ, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, నేను ఎన్నో సాయంత్రాలు వంటింటి గడపలో కూర్చున్నాను.

చేతులు తయారయ్యాయి. ఇబ్బంది వచ్చింది నోటి దగ్గర. రెండో బంతి పైకి లేచినప్పుడు లిఫ్టర్ "నాది!" అని అరవాలి. అరిస్తే మిగతా ఐదుగురూ దారి ఇవ్వాలి. మా వాడు అరిచేవాడు. ఎవరూ జరిగేవాళ్లు కాదు.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ మైదానం దగ్గర ఆగి చూశాను. జట్టుకు షూటర్ మా ఊరి పటేలు మనవడు. పదో తరగతి. పట్నం హాస్టల్ తిండి పడక తిరిగి వచ్చి సర్కారు బడిలో చేరినవాడు. మంచి ఎగురు, మంచి దెబ్బ. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే తనకంటే ముందు ఇంకొకరి మాట ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ వాళ్ల చేలల్లో కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆ సంగతి వాడికి తెలుసు, మా వాడికీ తెలుసు.

బంతి లేచింది. మా వాడు "నాది!" అన్నాడు. పటేలు మనవడు వెనక నుంచి దూసుకొచ్చి వాడి తల మీదుగా అందుకున్నాడు.

"అరేయ్ బుడ్డోడా, అడ్డం జరుగు. కింద కనవడవు నువ్వు."

అందరూ నవ్వారు. మా వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

బచ్చన్నపేట నుంచి బదిలీ మీద వచ్చిన పీఈటీ సారు విజిల్ ఊది మా వాణ్ణి దగ్గరికి పిలిచాడు. "నీ వేళ్లు మంచిగున్నయ్ బిడ్డా. గని లిఫ్టరన్నోడు మాట జెప్తే మిగిలినోళ్లు ఇనాలె. క్రిస్మస్ సెలవులైనంక సెలక్షన్. ఆనాడు నీ మాట మీద వీళ్లు కదిల్తె నువ్వు లిఫ్టరువి. కదలకుంటే బయట కూసొని నీళ్ల సీసాలందియ్యి." ఆ ఏడాది పోటీలు ఆలస్యమై చలికాలానికి వచ్చాయి. సెలక్షన్‌కు ఇంకా వ్యవధి ఉంది.

కార్తీకం వచ్చింది. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి వాకిట్లో అరుగు మీద ఒక చిన్న స్వామి కూర్చొని ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నొసట గంధం, మెడలో మాల. మా ఇంటి ముందు స్వామికేం పని అనుకుంటూ సైకిల్ స్టాండు వేశాను.

"కాళ్లు కడుక్కొని రాండ్రి స్వామీ," అన్నాడు ఆ స్వామి. మా కొడుకు.

"ఎవడురా స్వామి?"

"మాల ఉన్నన్ని దినాలు అందరు స్వాములే. బాపు అనొద్దట."

లోపలి నుంచి మా అమ్మ కేక వేసింది: "నన్ను మాతా అంటున్నడురా! నేను బాప్తీస్మం తీసుకున్న మాతను, నాకెందుకురా అంటే ఇంటలేడు. ఉల్లిగడ్డ లేకుంట కూర వండుమంటున్నడు."

"ఎవర్ని అడిగి వేసుకున్నావు?"

"అమ్మను ఫోన్ల అడిగిన. మంచిదన్నది."

భూపాలపల్లికి ఫోన్ చేశాను. నా భార్య మాట పూర్తిగా విననే లేదు. "దొంగతనం జేసిండా? మాలేసుకున్నడు. నువ్వు వానితోని సభ వెట్టకు. ఒక్కపూట తిని ఎగిరితె కండ్లు తిరుగుతయ్. పాలియ్యి, అరటిపండ్లియ్యి." పెట్టేసింది.

నేను సభ పెట్టాను. ఆమె మాట లెక్కచేయక కాదు, అలవాటు. దేవుడు బంతి ఎత్తుతాడా అని అడిగాను. రెండు జట్లూ మాల వేసుకొని వస్తే ఎవరి పక్షాన ఉంటాడని అడిగాను. చన్నీళ్ల స్నానానికీ ఆటకూ సంబంధం ఏమిటని అడిగాను. వాడు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకొని ఓపికగా విన్నాడు.

"అయిపోయిందా స్వామీ?"

"అయిపోయింది."

"నేను దేవున్ని లిఫ్టరు జెయ్యమని అడగలే. రేపు గ్రౌండుకు రాండ్రి. సూద్దురు."

వెళ్లాను. రోడ్డు మీద పోయే ట్రాక్టర్ల నుంచి ఎగిరిన పత్తి పింజలు నెట్‌కు పట్టుకొని వేలాడుతున్నాయి. బంతి లేచింది. మా వాడు అప్పటి గొంతుతోనే, అప్పటి మాటే అన్నాడు: "నాది!"

పటేలు మనవడు పరుగులో ఉన్నవాడు టక్కున ఆగాడు. రెండు అడుగులు వెనక్కి వేశాడు. మిగతావాళ్లూ దారి ఇచ్చారు. మా వాడు బంతి కిందికి వెళ్లి, పెనం మీద రొట్టె వదిలినంత మెత్తగా పైకి లేపాడు. దెబ్బ పడింది. "ఎక్కడ నిలవడాలె స్వామీ?" అని ఇంకొకడు అడుగుతున్నాడు. పీఈటీ సారు కూడా "స్వామి, నువ్వు జర నెట్ కాడికి రా" అంటున్నాడు. పొరపాటున భుజం తగిలితే పటేలు మనవడు చేతులు జోడించాడు.

ఇంటికి వచ్చే దారిలో మా వాడు నియమం మరిచిపోయి అడిగాడు, "సూసినవా బాపు?"

"చూశాను."

"ఎవ్వడన్న బుడ్డోడా అన్నడా?"

"అనలేదు."

"అంతే."

దేవుడి మీద నేను పోగుచేసుకున్న వాదనలన్నీ ఆ రోజు దారిలోనే ఉండిపోయాయి. వాడికి దేవుడు అక్కర్లేదు. వాడికి కావలసింది ఐదుగురు పిల్లలు పక్కకు జరగడం. మా ఊళ్లో ఒక పొట్టి పిల్లవాడి మాటకు, అందునా కలుపు కూలీ మనవడి మాటకు, పెద్దింటి పిల్లవాడు జరగాలంటే ఆ పిల్లవాడి మెడలో ఏదో ఒకటి ఉండాలి. అది వాడు నాకంటే ముందు కనిపెట్టాడు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని వాడి మీదికి తిప్పడానికి చెయ్యి రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం పటేలు ఇంట్లో స్వాములందరికీ భిక్ష పెట్టారు. మాల వేసుకున్నవాళ్లకు పెట్టే మధ్యాహ్నపు భోజనాన్ని భిక్ష అంటారు. చర్చి నుంచి వస్తూ మా అమ్మ వాళ్ల గేటు దగ్గర నిలబడి చూసిందట. ఇంటికి వచ్చి నాకు చెప్పింది.

"మన పోరన్ని లోపలి అర్రల పీటేసి కూసోవెట్టిండ్రురా. పటేలే వడ్డించిండు. తిన్నంక వంగి పోరని కాళ్లకు మొక్కిండు. నేను ఇన్నేండ్లు వాళ్ల చేలల్ల పని జేస్తి, ఆ అర్రల ఎన్నడు కాలువెట్టలే."

ఆమె సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని చూస్తూ నేను ఒక్కటే లెక్క వేసుకుంటున్నాను: మాల తీసిన మర్నాడు ఇదే పిల్లవాడు ఆ లోపలి గదిలోకి, అదే అర్రలోకి, నీళ్లు తాగడానికి పోతే ఏం జరుగుతుంది? అడగలేదు. ఆమె ముఖంలో ఆ వెలుగు చాలా అరుదు.

కొన్నాళ్లకు మా వాడు ముఖం వేలాడేసుకొని వచ్చాడు. పాలు కూడా ముట్టలేదు.

"ఏమైందిరా కన్నెస్వామీ?" అంది మా అమ్మ. మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి అలా అంటారని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆమెకు ఆ మాట భలే నచ్చింది.

"నా లిఫ్టు కరాబైతుంది."

"ఎవరన్నారు?" అన్నాను.

"ఎవ్వలు అంటలేరు. గదే బాధ." పాలగ్లాసు పక్కకు నెట్టి చెప్పాడు. "నిన్న బంతి నెట్‌కు దూరం పోయింది. పటేలోళ్ల పోరడు ఎగిరిండు, అందలే, బోర్ల పడ్డడు. లేసి దుమ్ము దులుపుకొని 'మంచిగుంది స్వామీ' అన్నడు. ఇంకోటి వాని నెత్తి మీదనే పడ్డది. గప్పుడు గూడ 'మంచిగుంది స్వామీ' అన్నడు."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

"మరి సారు?"

"స్వాముల్ని తిట్టొద్దని సారుకు వాళ్లమ్మ జెప్పిందట. నేను తప్పు ఎత్తుతున్ననో ఒప్పు ఎత్తుతున్ననో నాకెట్ల తెలువాలె స్వామీ?"

నేను ఎన్నో ఏళ్లుగా రాస్తున్నది వాడు ఒక్క ఊపిరిలో చెప్పాడు. చేతులు జోడించి నిలబడ్డవాడు మనకు నిజం చెప్పడు. మొక్కించుకున్నవాడి తప్పు దిద్దేవాడు ఉండడు. గద్దెల మీద కూర్చున్నవాళ్లు ఎందుకు చెడిపోతారో తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు, మా బడి మైదానం చాలు. వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి ముద్దుపెట్టుకుంటే ఊరుకోడు కనుక పాలగ్లాసు ముందుకు జరిపాను.

"అయితే మాల తీసెయ్యి," అన్నాను.

"ఏహె, నడుమల తీసుడేంది?" అంది మా అమ్మ. "ఒప్పుకున్నోడు మాట మీద ఉండాలె. ఏ దేవునికైతేంది?"

"తియ్య," అన్నాడు వాడు కూడా. "ఒప్పుకున్న గద. నువ్వే షూటరు గావాలె స్వామీ. ఇంట్ల ఆడుదాం."

మర్నాడు పొద్దున్నే వాకిట్లో బట్టలు ఆరేసే తీగను రెండు వాసాలకు ఎత్తి కట్టాం. అదే నెట్. మా అమ్మ గడంచె మంచం మీద కూర్చొని బంతి విసిరేది, వాడు లేపేవాడు, మోకాళ్ల నొప్పులున్న నేను ఎగిరేవాణ్ణి. ఎగిరేవాణ్ణి అనడం గొప్ప కోసమే. మడమలు లేచేవి.

వాడు ముందే షరతు పెట్టాడు. "గ్రౌండుల లెక్కనే ఉండాలె. స్వామీ అనాలె. స్వామీ అనుకుంటనే తిట్టాలె."

ఆ మాట నా జీవితంలో ఎవరినీ అనలేదు. మఠాధిపతులను అనలేదు, అనమని ఒత్తిడి చేసిన చుట్టాల ముందు అనలేదు. ఆ చలిలో, తడి తలతో, వణుకుతూ బంతి కోసం చూస్తున్న ఆ నల్లబట్టల పిల్లవాణ్ణి చూసి అన్నాను:

"పనికిరాని లిఫ్టు, స్వామీ!"

వాడి ముఖం విప్పారింది. "గట్ల! ఏమైంది, తక్కువైందా?"

"తక్కువైంది. దూరం కూడా పోయింది. ఇది లిఫ్టా, గాలిపటమా స్వామీ?"

"గిదేమన్న బాగున్నదా, తండ్రీకొడుకులు స్వామీ స్వామీ అని తిట్టుకునుడు?" అని మా అమ్మ గడంచె మీద నుంచి పడబోయింది.

శనివారం వచ్చిన నా భార్య కాసేపు చూసి, కొంగు నడుముకు చెక్కుకొని, "జరుగు, నీతోని అయ్యేదా" అని నన్ను పక్కకు నెట్టింది. వాడు లేపిన మొదటి బంతిని గోడవతలికి కొట్టింది. నర్సింగు హాస్టల్లో ఆడేదట. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు కదా అంది. ఆ తర్వాత వాడి పగిలిన వేళ్లకు వాసెలిన్ రాస్తూ, "ఎత్తు సరిపోయింది, గని నాదిక్కు సూసి లేపినవ్. సూడకుంట లేపాలె," అని చెప్పింది. వాడు తల ఊపాడు. నేను సభ ముగిశాక మిగిలిపోయిన వక్తలా అరుగు మీద కూర్చున్నాను.

ఇంట్లో నేర్చిన ఆ పద్ధతిని మా వాడు మైదానానికి తీసుకుపోయాడు. ఆ రోజు నేను బడి గోడ పక్కనే ఉన్నాను.

"నా బంతి మంచిగ లేకుంటే మంచిగ లేదని చెప్పు స్వామీ," అన్నాడు పటేలు మనవడితో.

"స్వామిని అంటే పాపం తగుల్తది."

"ఆ పాపం నాకు రాసుకో. నువ్వు నిజం జెప్పు."

"మా నాయినమ్మకు తెలిస్తె సంపుతది స్వామీ."

"మీ నాయినమ్మ షూటరా?"

పటేలు మనవడు ఫక్కున నవ్వాడు. తర్వాతి బంతికి గొంతు సవరించుకొని, "జర... తక్కువైంది స్వామీ," అని పిడుగు పడుతుందేమోనన్నట్టు ఒకసారి పైకి చూశాడు. ఏమీ పడలేదు. ఆ తర్వాతి లిఫ్టు జానెడు ఎత్తుగా వచ్చింది.

దీక్ష పూర్తయింది. ఊరి స్వాములతో కలిసి మా వాడు కేసముద్రం స్టేషన్‌లో రైలెక్కి కొండకు వెళ్లి వచ్చాడు. మాల తీశాడు. ఇంటికి వచ్చి చెప్పుల చప్పుడుతో గడప దాటి "బాపు!" అని పిలిచాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది. చేతిలో పుస్తకం ఉన్నా ఏం చదువుతున్నానో కనబడలేదు.

సెలక్షన్ రోజు సెలవు పెట్టి వెళ్లాను. మా అమ్మ చర్చిలో ప్రార్థన చేయిస్తానంది, వద్దనలేదు. లిఫ్టర్ కోసం ఇంకో ఇద్దరు కూడా నిలబడ్డారు. వాళ్ల వంతు అయ్యాక మా వాణ్ణి లోపలికి పిలిచారు. తెల్ల బనియను, నీలం నిక్కరు. మెడ బోసిగా ఉంది.

మొదటి బంతి లేచింది. "నాది!"

పటేలు మనవడు ఆగలేదు. పాత అలవాటు వాడి కాళ్లలో ఉంది. "జరుగురా బుడ్డోడా" అంటూ వచ్చి అందుకున్నాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి నెట్‌లో పడింది, మా వాడు మట్టిలో పడ్డాడు. గోడ మీద కూర్చున్న పిల్లలు ఈలలు వేశారు. పీఈటీ సారు నోట్లో విజిల్ పెట్టుకొని అలాగే చూస్తున్నాడు. ఇప్పుడు వాడు ఏం చేస్తాడన్నదే ఆయనకు కావాలి.

మా వాడు లేచి మోకాలు దులుపుకొని పటేలు మనవడి ముందుకు వెళ్లి తల ఎత్తి నిలబడ్డాడు.

"మొన్నటిదాక నేను 'నాది' అంటే జరిగినవ్. నా మాటకు జరిగినవా, మాలకు జరిగినవా?"

"మాలకేరా," అన్నాడు వాడు, అబద్ధం ఆడకుండా.

"మరి గప్పుడు నీకు మంచి బంతులు వచ్చినయా, లేదా?"

"...వచ్చినయ్."

"అవి మాల ఎత్తిందా? నేనెత్తిన్నా?"

పటేలు మనవడు తల గోక్కున్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వబోయి మానేశారు. నేను ఎన్ని సభల్లో మాట్లాడినా అంత చిన్న ప్రశ్న అడగలేకపోయాను.

విజిల్ మోగింది. బంతి లేచింది. "నాది!"

ఈసారి పటేలు మనవడు రెండు అడుగులు వెయ్యలేదు. అర అడుగు జరిగాడు. ఇష్టం లేకుండానే జరిగాడు. మా వాడికి ఆ సందు చాలింది. బంతి వేళ్ల మీది నుంచి చప్పుడు లేకుండా లేచింది. దెబ్బ పడి అవతల దుమ్ము ఎగిరింది.

తర్వాతి దానికి, "తక్కువైందిరా!" అని అరిచాడు పటేలు మనవడు.

"తక్కువేం గాలే, నువ్వు ముందుగాల ఉర్కినవ్! జర ఆగి రా!"

"నువ్వు జర పైకి లేపు!"

"నువ్వాగితే లేపుత!"

ఇద్దరూ కోళ్లలా కొట్లాడుకుంటున్నారు. అంత అందమైన కొట్లాట నేను చూడలేదు.

మా దగ్గర జట్టు కట్టేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఆట అయ్యాక సారు షూటర్‌ను అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు: "ఎవడు లేపితె కొడతవురా?"

పటేలు మనవడు చెమట తుడుచుకుంటూ మా వాడి వైపు గడ్డంతో చూపించాడు. "గీడే సార్. నోరు ఎక్కువ, గని బంతి ఏడికొస్తదో తెలుస్తది."

నా గుండె నిండింది. అయినా ఒక సందేహం మిగిలింది. పెద్దింటి పిల్లవాడు ఒప్పుకున్నాడు కనుక మా వాడు లిఫ్టర్. ఒప్పుకోకపోతే? మంచి బంతి లేపిన వేళ్లకు కూడా ఆ గడ్డం ఊగాలా? తండ్రిగా అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేక గీత అవతలి నుంచే అన్నాను:

"సార్, మా వాణ్ని కూడా అడగండి. వాడికి ఏ షూటర్ కావాలో."

సారు వింతగా చూశాడు. లిఫ్టర్‌ను ఎవరూ ఎన్నడూ అడగలేదు. తర్వాత నవ్వి మా వాడి వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. నీకెవడు గావాలె?"

మా వాడు తొందరపడలేదు. షూటర్లుగా నిలబడ్డ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. పటేలు మనవడు ఒంటికాలి మీద నిలబడి, అటూ ఇటూ చూసి, ఆఖరికి మా వాడి కళ్లలోకి చూశాడు. వాడి ముఖంలో నేను మొదటిసారి భయం చూశాను. వాణ్ణి చూసి కూడా జాలి వేసింది. వాడూ పిల్లవాడే.

"గీడే సార్," అన్నాడు మా వాడు. "గని పేరు వెట్టి పిలవాలె. బుడ్డోడా అంటే బంతి వేరేటోనికి లేపుత."

మైదానం ఘొల్లుమంది. పటేలు మనవడు కూడా నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించి, మా వాణ్ణి పేరు పెట్టి పిలిచి, "పోదాం పా, నీళ్లు తాగుదాం" అన్నాడు. ఇద్దరూ పంపు దగ్గరికి నడిచారు. ఎవరు ముందు తాగారో నేను చూడలేదు. అప్పటికి సారు మా వాడి పేరు జట్టులో చదువుతున్నాడు, నేను కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను.

మీ ఊళ్లో కూడా ఒక బడి ఉంది, దాని వెనక ఒక మైదానం ఉంది. అక్కడ జట్టు కట్టే రోజు కనుక్కోండి. వెళ్లి గీత దగ్గర నిలబడండి. పెద్దింటి పిల్లవాణ్ణి అడిగిన ప్రశ్నే అందరికంటే పొట్టి పిల్లవాణ్నీ అడగమని సారుకు చెప్పండి. ఆయన వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అడిగేదాకా అక్కడి నుంచి కదలకండి.